పబ్బుకు ఈసీ తీయడం: చెన్నైలో కూర్చుని ఇంగ్లండు పాత సత్రాల చరిత్ర వెతికే పద్ధతి

ఇంగ్లండులో అన్నిటికంటే పాత పబ్బు మాదేనని గోడ మీద రాసుకున్న పబ్బులు చాలా ఉన్నాయి. నాటింగ్‌హామ్‌లో ఒకటి 1189 అని పెద్ద అక్షరాలతో రాయించుకుంది. మా అమ్మాయి కాపురముండే సెయింట్ ఆల్బన్స్‌లో ఇంకొకటి ఏకంగా ఎనిమిదో శతాబ్దం అంటుంది. అల్లుడు దాని ఫోటో పంపి, "అత్తయ్యా, పన్నెండు వందల ఏళ్లట!" అన్నాడు. "దేనికి బాబూ పన్నెండు వందల ఏళ్లు? స్థలానికా, కట్టడానికా, పేరుకా, లైసెన్సుకా?" అని అడిగాను.

ఈ అడగడం నాకు ఉద్యోగం నేర్పింది. చెన్నై ప్యారిస్ కార్నర్‌లో ఒక లాయరుగారి ఆఫీసులో టైటిల్ చూసే పనిలో రిటైరయ్యాను. మూలపత్రం నుంచి ఇవాళ్టి క్రయం దాకా లింకు డాక్యుమెంట్లు వరసగా ఉన్నాయా, ఎక్కడైనా తెగిందా అని చూడడమే పని. దానికి పనికొచ్చేది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అంటే ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్కారు పత్రం. మందు వాసన కూడా పడదు నాకు. అయినా పబ్బుల జోలికి ఎందుకు వెళ్లానంటే, ఏ వ్యాపారాన్ని సర్కారు అనుమానంగా చూస్తుందో దానికి కాగితాలు ఎక్కువ. అదే వీధిలో రొట్టెల దుకాణం వందేళ్లు నడిచినా ఆనవాలు దొరక్కపోవచ్చు. సారా అమ్మినవాడి పేరు మాత్రం ఎక్కడో ఒక రిజిస్టరులో ఉంటుంది.

పిల్లలు యూకేలో ఉన్నవాళ్లు పెరంబూరు, టీ నగర్ తెలుగిళ్లలో ఎందరో ఉన్నారు. అక్కడికి వెళ్లినప్పుడు పగలంతా ఒంటరిగా కూర్చోవడం కంటే ఇది మంచి కాలక్షేపం. వెళ్లకపోయినా సగం పైగా పని ఇక్కడి నుంచే అవుతుంది. నా ఉదాహరణలన్నీ సెయింట్ ఆల్బన్స్ జిల్లావి. లండన్‌కి ఉత్తరాన, రోమన్ల కాలపు వాట్లింగ్ స్ట్రీట్ మీద, పెద్ద మఠం చుట్టూ పెరిగిన ఊరు. యాత్రికులు, తర్వాత కోచ్ అనే గుర్రపు బళ్లు, తర్వాత రైళ్లు. సత్రాలకు ఇంతకంటే ఏం కావాలి?

నోటుబుక్కులో ముందు మూడు గళ్లు గీయండి: ఇల్లు, బోర్డు, లైసెన్సు. ఈ మూడూ కలిసి పుట్టవు, కలిసి పోవు. లైసెన్సు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతుంది. బోర్డు మీద పేరు మారుతుంది, లేదా అదే పేరు ఎదురు వీధిలో మళ్లీ తేలుతుంది. ఇల్లు ముందు వేరే పనికి కట్టింది అయి ఉండొచ్చు. గోడల మీద కనిపించే అబద్ధాల్లో చాలా భాగం ఒక గడిలోని సంవత్సరాన్ని ఇంకో గడిలో రాయడం వల్ల పుట్టినవే.

అల్లుడు పంపిన ఫోటోలోది యే ఓల్డ్ ఫైటింగ్ కాక్స్, వెర్ నది పక్కన. అష్టకోణంగా ఉంటుంది. కలప చట్రం పదహారో శతాబ్దానిది. అంతకుముందు అది మఠంవారి పావురాల గూడు అనీ, 1539లో మఠం రద్దయ్యాక విప్పి ఇప్పుడున్న చోట నిలబెట్టారనీ చెబుతారు. పబ్బుగా దాని పాత పేరు త్రీ పిజియన్స్, అంటే మూడు పావురాలు. స్థలంలో పాత నిర్మాణం ఏదో ఉందన్న మాట పట్టుకుని ఎనిమిదో శతాబ్దం దాకా లాగారు. రుజువు చెయ్యలేమని 2000లో గిన్నెస్ వాళ్లు అన్నిటికంటే పాత పబ్బు అన్న రికార్డును తీసేశారు. మూడు గళ్లలో విడివిడిగా రాసుకుంటే ఇది మంచి చరిత్రే, గోడ మీద రాసుకున్నదానికంటే ఆసక్తిగా కూడా ఉంటుంది.

ఇక పని మొదలుపెట్టేముందు ఒక చేదు సంగతి చెప్పాలి.

అక్కడ ఈసీ లేదు

మన దగ్గర 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇంటి క్రయదస్తావేజు సబ్ రిజిస్ట్రారు పుస్తకాల్లోకి ఎక్కాల్సిందే. ముప్పై ఏళ్ల ఈసీకి అర్జీ పెడితే లావాదేవీలన్నీ వరసగా వస్తాయి. ఇంగ్లండులో యార్క్‌షైర్, మిడిల్‌సెక్స్‌లలో పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే దస్తావేజుల రిజిస్ట్రీలు పెట్టారు కానీ, సెయింట్ ఆల్బన్స్ ఉన్న హర్ట్‌ఫర్డ్‌షైర్ లాంటి కౌంటీల్లో కొన్నవాడి పెట్టెలో ఉన్న కట్టే సాక్ష్యం. ల్యాండ్ రిజిస్ట్రీ 1862 నుంచి ఉన్నా, దేశమంతటా తప్పనిసరి అయింది 1990లో. అందుకని ల్యాండ్ రిజిస్ట్రీకి డబ్బు కట్టి కాపీ తెప్పించుకుంటే ఇవాళ్టి యజమాని తెలుస్తాడు తప్ప పాత చరిత్ర సాధారణంగా రాదు. ఆ ఖర్చు మానుకోండి.

పబ్బుల విషయంలో ఆ పెట్టె తరచుగా బీరు కాచే కంపెనీది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రూవరీలు పబ్బులను కొని, తమ సరుకే అమ్మాలన్న షరతుతో అద్దెకిచ్చేవి. చిన్న బ్రూవరీని పెద్దది కొన్నప్పుడల్లా దస్తావేజుల కట్టలు కూడా చేతులు మారేవి. ఈ చుట్టుపక్కల పబ్బులకైతే వాట్‌ఫర్డ్‌లోని బెన్‌స్కిన్స్ పేరు గుర్తుపెట్టుకోండి. దాన్ని 1957లో ఇండ్ కూప్ కొనేసింది. ఇలాంటి కట్టలు చాలావరకు కౌంటీ ఆర్కైవ్స్‌కి చేరాయి. వాటిని వెతకాల్సింది పబ్బు పేరుతో కాదు, బ్రూవరీ పేరుతో. లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ వారి డిస్కవరీ అనే కేటలాగు ఉచితం. దేశంలో ఉన్న చాలా ఆర్కైవ్స్ జాబితాలు అందులోనే దొరుకుతాయి. అక్కడే మొదలుపెట్టండి.

స్థలం ఏదైనా మేనర్ కింద, అంటే పాత జమీ లాంటిదాని కింద ఉంటే, చేతులు మారినప్పుడల్లా ఆ మేనర్ కోర్టు పుస్తకంలో రాసేవారు. కాపీహోల్డ్ అనే ఈ పద్ధతి 1926 జనవరి 1 దాకా నడిచింది. ఏ పుస్తకం ఎక్కడుందో మేనోరియల్ డాక్యుమెంట్స్ రిజిస్టరు చెబుతుంది. మనకు ఈసీ లేని లోటు కొంత తీర్చేది ఇదే. దొరికితే అదృష్టం.

లైసెన్సు వెంట నడవండి

ఇవాళ్టి నుంచి వెనక్కి వెళ్లడమే నా అలవాటు. పాతకాలం నుంచి ముందుకు వస్తే పేరు కలిసిన ప్రతి ఇల్లూ మనదే అనిపిస్తుంది.

2005 నవంబరు నుంచి లైసెన్సులు స్థానిక కౌన్సిలు చేతిలో ఉన్నాయి. అంతకు ముందు మేజిస్ట్రేట్లు ఇచ్చేవారు. 1872 చట్టం వల్ల మేజిస్ట్రేట్ల గుమాస్తా ప్రతి లైసెన్సుకూ రిజిస్టరు పెట్టాల్సి వచ్చింది. పబ్బు పేరు, లైసెన్సుదారు, ఎవరి నుంచి ఎవరికి బదిలీ అయింది, యజమాని ఎవరు, ఏమైనా జరిమానా పడిందా, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఒక్క రిజిస్టరు దొరికిందంటే ముప్పై నలభై ఏళ్లు గబగబా నిండిపోతాయి. 1904 చట్టం తర్వాత ఊళ్లో పబ్బులు ఎక్కువయ్యాయని నష్టపరిహారం ఇచ్చి మూయించారు. మీ పబ్బు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హఠాత్తుగా మాయమైతే ఆ పరిహారం ఫైళ్లు అడగండి. వాటిలో వ్యాపారం ఎంత జరిగేదో కూడా ఉండొచ్చు.

1828 నుంచి 1872 దాకా పెద్ద ఖాళీ. ఆ మధ్యలో మేజిస్ట్రేట్ల లైసెన్సు కాగితాలు నిలిచినవి చాలా తక్కువ. పైగా 1830లో బీర్‌హౌస్ చట్టం వచ్చింది. పన్ను కట్టే గృహస్థు ఎవరైనా ఎక్సైజుకు రెండు గినీలు కడితే చాలు, మేజిస్ట్రేటుతో పని లేకుండా ఇంటి ముందుగదిలో బీరు అమ్ముకోవచ్చు. జిన్ తాగి పాడైపోతున్నారు, బీరే నయం అన్న ఆలోచన. వీధి వీధికీ వెలిశాయి. 1869లో మళ్లీ మేజిస్ట్రేట్ల కిందికి తెచ్చారు. ఈ బీర్‌హౌస్‌లకు చాలాసార్లు పేరే ఉండదు, అమ్మేవాడి పేరే గుర్తు. కాబట్టి ఈ ఖాళీలో పబ్బును వెతకడం ఆపి మనిషిని వెతకాలి. దాని గురించి కింద చెబుతాను.

1828కి వెనక మళ్లీ వెలుగు. 1552లో వచ్చిన చట్టం ప్రకారం ఏల్‌హౌస్ (ఏల్ అనే ఒక రకం బీరు అమ్మే ఇల్లు) నడిపేవాడు ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు పూచీకత్తు రాసివ్వాలి. జూదం ఆడనివ్వను, గొడవలు కానివ్వను అని. జామీనుదారులు కూడా సంతకం పెట్టాలి. 1753 తర్వాత వీటిని రిజిస్టరులో భద్రపరచాలన్నారు, అందుకే 1753 నుంచి 1828 దాకా చాలా కౌంటీల్లో వరసలు బాగా మిగిలాయి. జామీనుదారుల పేర్లు తప్పకుండా రాసుకోండి. తరచుగా వాళ్లూ పక్క పబ్బు యజమానులే. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు. వీధిలో ఎవరి పక్కన ఎవరున్నారో దీన్నిబట్టే పట్టుకోవచ్చు.

ఏ కోర్టు పరిధి అన్నది ముందే తేల్చుకోవాలి. మన దగ్గర సబ్ రిజిస్ట్రారు ఆఫీసు తప్పయితే ఈసీ నిల్ వచ్చినట్టే అక్కడా జరుగుతుంది. సెయింట్ ఆల్బన్స్ పట్టణానికి 1553 నుంచి సొంత బరో, అంటే సొంత పట్టణ పాలన, ఉండేది. చుట్టూ ఉన్న పల్లెలు లిబర్టీ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్ అనే పాత మఠపు పరిధి కింద వేరే కోర్టులో ఉండేవి. ఆ లిబర్టీ 1874లో కౌంటీలో కలిసిపోయింది. అంటే ఒకే జిల్లాలోని రెండు పబ్బులకు రెండు వేర్వేరు కట్టలు చూడాలి. కౌంటీ జాబితాలో పేరు లేదని పబ్బే లేదనుకోకండి.

ఇంకా వెనక్కి వెళ్లేవాళ్లకు రెండు గొప్ప లెక్కలున్నాయి. 1577లో డోవర్ రేవు మరమ్మతుకు పన్ను వేయడం కోసం దేశంలో ఇన్‌లు, టావెర్న్‌లు, ఏల్‌హౌస్‌లు ఎన్నో లెక్క తీయించారు. ఇన్ అంటే బస, భోజనం, గుర్రపుశాల అన్నీ ఉన్నది. టావెర్న్‌లో ద్రాక్షసారా. ఏల్‌హౌస్ మామూలు జనానిది. 1686లో సైన్యానికి బస ఏర్పాటు కోసం ఏ ఊళ్లో ఎన్ని అతిథి మంచాలు, ఎన్ని గుర్రాలకు చోటు ఉందో రాశారు. దాంట్లో ఒక్కో సత్రం పేరు ఉండదు, ఊరి మొత్తమే. అయినా మీ ఊరు ప్రయాణికుల ఊరా కాదా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది.

పాత కాగితాల్లో రెండు గోతులున్నాయి. 1752కి ముందు వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1740 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కకు అది 1741. ఇది తెలియకపోతే భర్త చావకముందే భార్య పేరుకు లైసెన్సు మారినట్టు కనిపిస్తుంది. రెండోది, 1733 దాకా కోర్టు రికార్డులు చాలావరకు లాటిన్‌లో ఉంటాయి. అక్కడిదాకా వెళ్లేవాళ్లు ఓపిక తెచ్చుకోండి.

ఒక పక్కమాట. మొదటి ప్రపంచయుద్ధంలో కార్లైల్ చుట్టుపక్కల పబ్బులనూ బ్రూవరీనీ 1916లో ప్రభుత్వమే తీసుకుని 1973 దాకా నడిపింది. ఆయుధ కర్మాగారాల కూలీలు తాగి పనికి రావడం లేదని. 2003 నుంచి టాస్మాక్ అనే సర్కారు మద్యం దుకాణాల ముందు నుంచి నడుస్తున్న మనకు ఇది వింతేమీ కాదు. కానీ ఆ ప్రాంతపు పబ్బును వెతికేవాళ్లకు ఇది పెద్ద వరం, ఎందుకంటే సర్కారు యజమాని అయితే ప్రతి తలుపు గొళ్లానికీ బిల్లు ఉంటుంది.

బోర్డు మీద పేరు

1393లో రెండో రిచర్డ్ కాలంలో ఏల్ అమ్మేవాళ్లు గుర్తు కట్టాలని ఆజ్ఞ పెట్టారు. చదువు రాని జనానికి బొమ్మే చిరునామా. రిచర్డ్ చిహ్నం తెల్ల దుప్పి, వైట్ హార్ట్. సెయింట్ ఆల్బన్స్‌లో హోలీవెల్ హిల్ మీద ఆ పేరుతో పాత సత్రం ఇప్పటికీ ఉంది. రాయల్ ఓక్ అని ఉంటే 1651 వూస్టర్ యుద్ధంలో ఓడి రెండో చార్లెస్ ఓక్ చెట్టులో దాక్కున్న కథ. ఆ పేరు 1660లో అతను గద్దెనెక్కాక పెట్టిందయి ఉంటుంది. పేరుతో ఇంతవరకే వెళ్లండి. వైట్ హార్ట్ అని ఉన్నంత మాత్రాన అది రిచర్డ్ కాలపు ఇల్లు కాదు, తర్వాత ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఒకే పేరు రెండు చోట్ల దొరికితే ఇంకా జాగ్రత్త. లండన్ నుంచి హోలీహెడ్ వెళ్లే కోచ్‌ల కోసం 1826లో ఊళ్లో వెరులామ్ రోడ్ వేశారు. ఆ రోడ్డు మీద వెరులామ్ ఆర్మ్స్ అనే పెద్ద కోచింగ్ సత్రం కట్టారు. 1838లో లండన్ బర్మింగ్‌హామ్ రైలు మార్గం పూర్తయింది, అది వాట్‌ఫర్డ్ మీదుగా పోయింది. కోచ్‌లు ఆగిపోయాయి, సత్రం మూతపడింది. సెయింట్ ఆల్బన్స్‌కు రైలు వచ్చింది 1858లో, అదీ వాట్‌ఫర్డ్ నుంచి ఒక కొమ్మ. ఇవాళ వెరులామ్ ఆర్మ్స్ అని వెతికితే లోయర్ డాగ్నల్ స్ట్రీట్‌లో మామూలు వీధి పబ్బు వస్తుంది. ఆ కోచ్‌ల వైభవమంతా తీసుకెళ్లి దీని ఖాతాలో వేశారంటే అయిపోయింది.

మనిషిని పట్టుకోవడం

1828 నుంచి 1872 మధ్య ఖాళీని నింపేది ఇదే, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా. పిగట్, కెల్లీ, వైట్ అనే వ్యాపార డైరెక్టరీలు ఆ రోజుల్లో అచ్చయ్యేవి. లెస్టర్ విశ్వవిద్యాలయం వాటిని స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. పేరున్న పబ్బులు ఒక శీర్షిక కింద, పేరులేని బీర్‌హౌస్‌లు బీర్ రిటైలర్స్ అన్న శీర్షిక కింద ఉంటాయి. రెండూ చూడాలి. అక్కడ దొరికిన మనిషి పేరుతో జనాభా లెక్కలకు వెళ్లండి. 1841 నుంచి పదేళ్లకోసారి పేర్లతో సహా ఉన్నాయి. నూరేళ్లు దాటినవే బయటపెడతారు, 1921ది 2022లో వచ్చింది. 1931ది మంటల్లో కాలిపోయింది. 1841లో పెద్దవాళ్ల వయసు ఐదుల్లోకి తగ్గించి రాశారు కాబట్టి ముప్పై ఐదు అని ఉంటే ముప్పై తొమ్మిదీ కావచ్చు.

వృత్తి గడిలో విక్చువలర్ అని ఉంటే పబ్బు నడిపేవాడే. వడ్రంగి, కమ్మరి అని ఉన్నా వదలకండి. పగలు భర్త తన పని చేసుకుంటుంటే బీరు భార్య పోసేది. అతను పోయాక లైసెన్సు ఆమె పేరుకు మారడం మామూలే. కొన్నాళ్లకు ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే లైసెన్సు కొత్త మొగుడి పేరుకు పోతుంది. డైరెక్టరీలో ఇంటిపేరు మారింది కదా అని పబ్బు చేతులు మారిందనుకుంటే ఇలాంటి ఇల్లాళ్లు లెక్కలోంచి జారిపోతారు. మన పూటకూళ్లమ్మల గతీ కాగితాల్లో ఇంతే.

ఇంకా పాతకాలానికి చనిపోయినవాడి ఆస్తి జాబితాలు చూడండి. వీలునామాతో పాటు ఇంట్లోని సామానంతా గది గదికీ తిరిగి రాసేవారు. పెద్ద సత్రాల్లో గదులకు పేర్లుండేవి, కాబట్టి జాబితా చదువుతూ ఇంటి ప్లాను గీసుకోవచ్చు. ఏ గదిలో ఈక పరుపు, ఎక్కడ ఎన్ని పీపాలు, గుర్రపుశాలలో ఎంత గడ్డి, అన్నీ. తొందరగా పోయే చోటు కాదిది. ఒక్క జాబితాకు ఒక మధ్యాహ్నం కేటాయించండి.

పత్రికల్లో పబ్బు పేరు ఎక్కువగా దొరికేది తాగుడు కేసుల్లో కాదు, వేలంపాటల్లో, శవ విచారణల్లో. ఊళ్లో పెద్ద గది అదే కాబట్టి కరోనరు అక్కడే కూర్చునేవాడు. హర్ట్‌ఫర్డ్‌షైర్‌కి 1855 నుంచి నడుస్తున్న పత్రిక హర్ట్స్ అడ్వర్టైజర్. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో వెతకడం ఉచితం, పూర్తి పేజీకి డబ్బు. ముందు ఏమేం కావాలో జాబితా రాసుకుని, ఒక నెల చందా కట్టి, ఆ నెలలో అన్నీ దించేసుకోండి. 1800కి ముందు పత్రికల్లో ఎస్ అక్షరం ఎఫ్‌లా ఉంటుంది, కంప్యూటరు కూడా అలాగే చదువుతుంది. హౌస్ దొరక్కపోతే హౌఫ్ అని కొట్టి చూడండి. నవ్వొస్తుంది కానీ దొరుకుతుంది.

ఇంటి వయసు

పటాలు ముందు. స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైటులో ఇంగ్లండు ఆర్డ్‌నెన్స్ సర్వే (అక్కడి ప్రభుత్వ సర్వే) పటాలు కూడా ఉచితం. మైలుకు 25 అంగుళాల స్కేలు తీసుకోండి. పి హెచ్ అని ఉంటే పబ్లిక్ హౌస్, బి హెచ్ అంటే బీర్‌హౌస్. ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం మీద పాత పటం పరచి స్లైడరు జరిపితే పబ్బు అదే గోడల్లో ఉందో పక్కకు జరిగిందో కనిపిస్తుంది. 1910 ప్రాంతంలో భూముల విలువ కట్టిన సర్వే పుస్తకాలు క్యూలో ఉన్నాయి, వరస పేరు ఐఆర్ 58. గదులు, కట్టడం స్థితి, యజమాని, అద్దె అన్నీ ఒకే చోట. అవి మాత్రం ఎవరో ఒకరు వెళ్లి ఫోటో తీయాలి. నేను ఆ పనికి అల్లుడిని పంపాను. పబ్బు పేరు చెబితే ఆర్కైవ్‌కి కూడా ఉత్సాహంగా వెళ్తాడు.

హిస్టారిక్ ఇంగ్లండ్ వారి జాబితాలో పాత కట్టడాల వివరం ఉంటుంది. అందులో ముందు గోడ తేదీని ఇంటి తేదీ అనుకోకండి. పద్దెనిమిదో శతాబ్దంలో చాలామంది పాత కలప ఇంటికి ముందువైపు ఇటుక గోడ కట్టించి కొత్తగా కనిపించేలా చేశారు. లోపల దూలాలు రెండు మూడు వందల ఏళ్లు పాతవి కావచ్చు. చెట్టు వలయాలు లెక్కపెట్టి దూలం కొట్టిన కాలం చెప్పే పరీక్ష జరిగి ఉంటే దాన్ని నమ్మండి. అయినా అది ఇంటి వయసే, పబ్బు వయసు కాదు.

ఊళ్లో గంటస్తంభం దగ్గర ఫ్రెంచ్ రోలో ఫ్లర్ డి లీస్ అని ఒక పాత పబ్బు ఉండేది. 1356లో పొయిటియే యుద్ధంలో పట్టుబడ్డ ఫ్రాన్సు రాజు జాన్‌ను అక్కడ బంధించారని ఫలకం ఉంది. ఆ రాజు చనిపోయింది 1364లో. కట్టడం పదిహేనో శతాబ్దానిది. ఫలకాన్ని పీకేయమని నేననను. నోటుబుక్కులో మాత్రం కథకు నాలుగో గడి గీసి అందులో రాసుకోండి, ఇంటి గడిలో వద్దు.

చివరికి ఆర్కైవ్స్‌కి ఉత్తరం రాయాల్సి వస్తుంది. సెయింట్ ఆల్బన్స్ జిల్లాకు హర్ట్‌ఫర్డ్‌లోని కౌంటీ ఆర్కైవ్స్. "ఈ పబ్బు చరిత్ర పంపండి" అని రాస్తే మర్యాదగా ఒక కరపత్రం పంపుతారు. కేటలాగు నంబరు, సంవత్సరం, పబ్బు పేరుతోపాటు పాత పేరు, మీరు ఇప్పటికే చూసినవి ఏవో రాసి, ఒకే ఒక్క ప్రశ్న అడగండి. కాపీకి ఎంతవుతుందో ముందే అడగండి. 1845లో మొదలైన స్థానిక పురావస్తు సంఘం కూడా ఉంది, అక్కడి వాళ్లకు వీధి వీధీ తెలుసు. వాళ్లకు మీ మూడు గళ్ల కాగితం పంపితే తప్పులు దిద్దడానికైనా జవాబు రాస్తారు. ఫోను చేసేటట్టయితే వాళ్ల ఉదయం తొమ్మిది మనకు ఎండాకాలం ఒంటిగంటన్నర, చలికాలం రెండున్నర.